ప్రాజెక్టు డైరీ: అంతర్వేది రేవులో 11 మీటర్ల ఫైబర్ బోటుకు వైరింగు, సౌండర్, వీహెచ్ఎఫ్

పని పెట్టింది 11 మీటర్ల ఫైబర్ బోటు మీద: వైరింగు మార్చడం, లోతు కొలిచే సౌండర్, మాట్లాడుకునే వీహెచ్ఎఫ్ రేడియో బిగించడం. లోపలి డీజిల్ ఇంజిను, 12 వోల్టుల ఆల్టర్నేటరు. వసిష్ఠ గోదావరిలో పల్లిపాలెం వైపు కట్టే బోటు ఇది. సాయంత్రం మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దాటి, రాత్రంతా వల వేసి, పొద్దున తిరిగొస్తుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది గనక పనంతా ఆ విరామంలోనే సాగింది. ధరలన్నీ కొన్న రోజు బిల్లులో ఉన్నవి. ఇలాంటి బోటే ఉన్నవాళ్లు కొలతలు చూసుకుని యథాతథంగా చేసుకోవచ్చు. బోటు పొడవు మారితే వైరు లెక్క ఒక్కటీ మళ్లీ వేసుకోవాలి.

దశ 1: పాత వైరింగు విప్పడం

వచ్చిన ఫిర్యాదు ఒక్కటే: డెక్కు లైటు వేస్తే జీపీఎస్ ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది. బోటు నడిపే సరంగు జీపీఎస్ మార్చేద్దామన్నాడు. ముందు మల్టీమీటరు పెట్టి చూశాం.

1. అన్ని లైట్లూ వేసి ఉంచి బ్యాటరీ మీద కొలిస్తే 12.4 వోల్టులు.
2. అదే సమయంలో జీపీఎస్ వెనక ప్లగ్గు దగ్గర 10.7 వోల్టులు.
3. బ్యాటరీ ప్లస్ నుంచి జీపీఎస్ ప్లస్ దాకా 0.6 వోల్టుల నష్టం.
4. బ్యాటరీ మైనస్ నుంచి జీపీఎస్ మైనస్ దాకా 1.1 వోల్టుల నష్టం.

నాలుగో కొలత చాలామంది తీయరు. మైనస్ అంటే ఎక్కడైనా మైనస్సే అనుకుంటారు. ఈ బోటులో లైట్లు, పంపు, జీపీఎస్ అన్నిటి మైనస్‌లనూ కలిపి ఒకే 1.5 స్క్వేరు (చదరపు మిల్లీమీటర్ల మందం) వైరు మీద వెనక్కి తెచ్చారు. డెక్కు లైటు తీసుకునే కరెంటంతా ఆ వైరులోనే పోతుంది, ఆ నష్టం జీపీఎస్ నెత్తిన పడుతుంది. జీపీఎస్‌లో ఏ లోపమూ లేదు.

క్యాబిన్ కింద వైరును కోసి చూస్తే రాగి నల్లగా ఉంది. జాయింటు దగ్గర పచ్చటి చిలుము, అక్కణ్ణుంచి లోపలికి బొగ్గు నలుపు. ఒక్కో అంగుళం వెనక్కి కోసుకుంటూ పోతే సుమారు 40 సెంటీమీటర్ల తర్వాత గానీ ఎర్రటి రాగి కనబడలేదు. పైన ప్లాస్టిక్ తొడుగు మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటులోకి ఉప్పు చెమ్మ చేరి, సన్న తీగల మధ్య ఖాళీలగుండా పైకి పాకుతుంది. అందుకే ఇంటి వైరింగుకు వాడే మామూలు రాగి వైరు బోటుకు పనికిరాదు. ఒక్కో తీగకూ తగరం పూత ఉన్న మెరైన్ వైరు కావాలి.

పాతదంతా పీకేశాం. కొంత ఉంచుకుందామన్న ఆలోచన పెట్టుకోవద్దు. ఏ వైరు ఎంత లోపలిదాకా నల్లబడిందో పైకి తెలియదు.

దశ 2: ఏది ఎంత తాగుతుంది

ఒక రాత్రి వేట, మర్నాడు తిరిగొచ్చేదాకా లెక్క ఇది. కుడి చివర ఉన్నది అప్పటిదాకా మొత్తం, ఆంపియర్-అవర్లలో.

- దారి దీపాలు, ఎల్ఈడీ: 0.6 ఆంపియర్లు × 12 గంటలు = 7.2 → 7.2
- వేట దీపాలు, ఎరుపు, తెలుపు: 0.4 × 12 = 4.8 → 12.0
- వీహెచ్ఎఫ్ వింటూ ఉండటానికి: 0.4 × 24 = 9.6 → 21.6
- వీహెచ్ఎఫ్‌లో మాట్లాడటానికి: 5.5 × అరగంట = 2.8 → 24.4
- జీపీఎస్, సౌండర్ కలిసిన తెర: 0.9 × 14 = 12.6 → 37.0
- ట్రాన్స్‌పాండర్ (ఉపగ్రహంతో మాట్లాడే పరికరం): 0.3 × 24 = 7.2 → 44.2
- డెక్కు లైట్లు: 3 × 4 = 12 → 56.2
- నీళ్లు తోడే పంపు: 4 × అరగంట = 2 → 58.2
- ఫోన్ల చార్జింగు: 1 × 5 = 5 → 63.2

లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కంటే కిందికి దింపితే దాని ఆయుష్షు త్వరగా తగ్గిపోతుంది. 63.2కి రెట్టింపు 126.4 గనక 150 ఆంపియర్-అవర్ బ్యాటరీ సరిపోతుంది.

దశ 3: బ్యాటరీలు, చార్జింగు

ఇంజిను స్టార్టు చేసే బ్యాటరీని ముట్టుకోలేదు. పరికరాలకు విడిగా 150 ఆంపియర్-అవర్ ట్యూబ్యులర్ (లెడ్ యాసిడ్‌లో ఒక రకం) బ్యాటరీ పెట్టాం. రెండూ ఒకటే అయితే సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ వోల్టేజి ఒక్కసారిగా పడిపోయి తెర ఆరిపోతుంది. రాత్రంతా లైట్లు వాడి పొద్దున ఇంజిను లేవకపోతే మొగ బయట గాలికి కొట్టుకుపోవాల్సిందే.

రెండిటి మధ్యా వోల్టేజి చూసి కలిపే రిలే ఉంటుంది. ఇంజిను నడిచి 13.3 వోల్టులు దాటాక రెండు బ్యాటరీలనూ కలుపుతుంది, 12.8కి దిగితే విడదీస్తుంది. ఆల్టర్నేటరు 1,400 ఆర్‌పీఎం దగ్గర 14.1 వోల్టులు ఇచ్చింది, ఐడిలింగులో 12.9 మాత్రమే. రేవులో ఇంజిను ఊరికే తిప్పితే బ్యాటరీ నిండదన్నమాట.

క్యాబిన్ పైన 100 వాట్ల సోలార్ ప్యానెళ్లు రెండు, ప్యానెళ్ల నుంచి వీలైనంత శక్తి రాబట్టి బ్యాటరీకి ఎక్కించే 20 ఆంపియర్ల ఎంపీపీటీ కంట్రోలరు పెట్టాం. రోజుకు నాలుగున్నర గంటల గట్టి ఎండ అనుకుని, నష్టాలు పావు వంతు తీసేస్తే 54 ఆంపియర్-అవర్ల దాకా వస్తుంది. మబ్బు పట్టిన ఆషాఢంలో ఈ లెక్క మీద ఆధారపడకూడదు, అప్పుడు ఇంజినే దిక్కు.

లిథియం గురించి అడుగుతున్నవాళ్లు చాలామంది. తేలిక, సగానికి మించి వాడుకోవచ్చు, అన్నీ నిజమే. అది ఎంత ఇస్తే అంత కరెంటు లాగేస్తుంది గనక మామూలు ఆల్టర్నేటరు వేడెక్కి కాలిపోవచ్చు. మధ్యలో డీసీ-డీసీ చార్జరు పెట్టాలి. ఆ ఖర్చు కలుపుకుంటే ఈ బోటుకు లాభం కనబడలేదు.

ట్యూబ్యులర్ బ్యాటరీ పొడుగ్గా, బరువుగా ఉంటుంది. బోటు ఊగితే యాసిడ్ చిమ్ముతుంది, చార్జవుతున్నప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. అందుకని బోటు మధ్యలో, అడుగున, పైన గాలి పోయే గొట్టం ఉన్న ఫైబర్ పెట్టెలో పెట్టి రెండు బెల్టులతో బిగించాం. ఫ్యూజు బాక్సు గానీ తెర గానీ ఆ పెట్టె పక్కన ఉండకూడదు, యాసిడ్ ఆవిరి కాంటాక్టులను తినేస్తుంది.

ఖర్చు: బ్యాటరీ 15,200, రిలే, మెయిన్ స్విచ్చు 3,400, ప్యానెళ్లు 9,000, కంట్రోలరు 4,300, పెట్టె, బెల్టులు 2,100. ఇప్పటిదాకా రూ. 34,000.

దశ 4: వైర్లు, ఫ్యూజులు, జాయింట్లు

తెర కొనడానికి ముందే ఈ దశ పూర్తిచేయాలి. మిగిలిన డబ్బుతో వైరు కొందామనుకుంటే నాసిరకం వైరే వస్తుంది.

వైరు మందం లెక్క తేలిక. రానూ పోనూ పొడవు మీటర్లలో తీసుకుని, 0.0175తో గుణించి, స్క్వేరుతో భాగిస్తే నిరోధం ఓముల్లో వస్తుంది. దాన్ని ఆంపియర్లతో గుణిస్తే పోయే వోల్టులు. ప్రాణం కాపాడే పరికరాలకు 3 శాతానికి, అంటే 0.36 వోల్టులకు మించి పోకూడదని పెట్టుకున్నాం.

పంపు ఉదాహరణ: 4 ఆంపియర్లు, దూరం 7 మీటర్లు, రానూ పోనూ 14.
- 1.5 స్క్వేరు: 0.65 వోల్టులు పోతాయి
- 2.5 స్క్వేరు: 0.39
- 4 స్క్వేరు: 0.25

కాబట్టి పంపుకు 4 స్క్వేరు. వీహెచ్ఎఫ్‌కు కూడా అదే. మాట్లాడేటప్పుడు లాగే కరెంటుతో లెక్క వేయాలి, వింటున్నప్పటి కరెంటుతో వేస్తే సన్న వైరు సరిపోతుందన్న భ్రమ కలుగుతుంది. దీపాలకు 1.5 చాలు.

ప్రతి పరికరానికీ విడి ప్లస్, విడి మైనస్. మైనస్‌లన్నీ ఒక ఇత్తడి పట్టీ మీదికి, అక్కణ్ణుంచి 16 స్క్వేరు వైరుతో బ్యాటరీకి. ఇంజిను ఇనుమును మైనస్ దారిగా వాడలేదు.

ఫ్యూజు కాపాడేది వైరును. బ్యాటరీ ప్లస్ నుంచి 18 సెంటీమీటర్లలోపే మెయిన్ ఫ్యూజు ఉండాలి. దూరంగా పెడితే ఆ మధ్య ముక్కకు కాపలా ఉండదు. విడివిడిగా వీహెచ్ఎఫ్‌కు 10 ఆంపియర్లు, తెరకు 3, ట్రాన్స్‌పాండర్‌కు 3, దారి దీపాలకు 5, డెక్కు లైట్లకు 5. పంపుకు దాని లేబుల్ మీద రాసిన 5. పాత పంపుకు 15 ఆంపియర్ల ఫ్యూజు ఉంది. ఒండ్రు, వల దారాలు చుట్టుకుని రెక్క ఆగిపోయినప్పుడు ఫ్యూజు పోలేదు, మోటారు చుట్టలు కాలిపోయాయి.

జాయింటు చేసే తీరు:

1. వైరు చివర 8 మిల్లీమీటర్లు మాత్రమే ఒలవాలి. ఒక్క తీగ తెగినా మళ్లీ కోసి ఒలవాలి.
2. లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవు ముందే ఎక్కించుకోవాలి.
3. తగరం పూత లగ్గు (వైరు చివర తొడిగే లోహపు ముక్క) పెట్టి, రాచెట్ క్రింపింగ్ టూలుతో నొక్కాలి. మామూలు పటకారుతో నలిపితే పట్టు ఉండదు.
4. గట్టిగా చేత్తో లాగి చూడాలి. కదిలితే కోసేయాలి.
5. స్లీవు వేడిచేస్తే రెండు చివర్లా జిగురు బయటికి ఉబకాలి. ఉబకకపోతే నీళ్లు దూరతాయి.

ఒట్టి సోల్డరుతో సరిపెట్టొద్దు. సోల్డరు వైరులోకి పాకి కొంతమేర గట్టిపడుతుంది, ఇంజిను అదురుకు సరిగ్గా ఆ గట్టి భాగం అంచు దగ్గరే తీగలు విరుగుతాయి.

పంపును మెయిన్ స్విచ్చుకు ముందే, ఫ్లోటు స్విచ్చుతో, బ్యాటరీకి నేరుగా కలిపాం. అందరూ ఇంటికెళ్లాక బోటులో నీళ్లు చేరితే తోడాల్సింది అదే కదా. బకెట్టు పెట్టి కొలిచాం: పాత వైరు మీద పంపు దగ్గర 10.6 వోల్టులు, 20 లీటర్లకు 36 సెకన్లు. కొత్త వైరు మీద 12.2 వోల్టులు, 27 సెకన్లు. అంటే గంటకు సుమారు 2,670 లీటర్లు. డబ్బా మీద 4,100 పైచిలుకు అని ఉంటుంది, అది 13.6 వోల్టుల దగ్గర, నీళ్లు పైకి ఎత్తే పని లేనప్పటి లెక్క. గొట్టం బయటి మూతి నీటిమట్టానికి కనీసం 30 సెంటీమీటర్ల పైన ఉండాలి, లేకపోతే పంపు ఆగాక ఏటి నీళ్లే లోపలికి వస్తాయి.

ఖర్చు: 4 స్క్వేరు 40 మీటర్లు 4,400, 1.5 స్క్వేరు 60 మీటర్లు 3,300, ఫ్యూజు బాక్సు, పట్టీలు 2,900, లగ్గులు, స్లీవులు, గొట్టాలు, గ్లాండులు 3,200, క్రింపింగ్ టూలు 1,800, పంపు, ఫ్లోటు స్విచ్చు 4,100. దశకు 19,700. ఇప్పటిదాకా రూ. 53,700.

దశ 5: సౌండర్

బోటు అడుక్కి చిల్లు పెట్టకుండా, శబ్దాన్ని కిందికి పంపి తిరిగి అందుకునే ట్రాన్స్‌డ్యూసర్‌ను లోపలి నుంచే ఫైబర్‌కు అంటించే పద్ధతి ఎంచుకున్నాం. ఒడ్డుకు లాగినప్పుడు విరిగే భయం లేదు, వల చిక్కదు. ఫైబర్ గుండా పోయేటప్పుడు శబ్దం కొంత తగ్గుతుంది, మన లోతులకు ఆ నష్టం లెక్కలోది కాదు. షరతు ఒక్కటే: ఆ చోట ఫైబర్ గట్టి ముక్కై ఉండాలి. మధ్యలో ఫోము గానీ చెక్క గానీ గాలి బుడగలు గానీ ఉంటే శబ్దం అక్కడే చస్తుంది.

అంటించే ముందు చోటు వెతకాలి. నీళ్లు నింపిన పల్చటి ప్లాస్టిక్ సంచిలో ట్రాన్స్‌డ్యూసర్ పెట్టి, సంచిని అడుగు మీద నొక్కి ఉంచి, బోటు నడుపుతూ తెర చూడాలి. ఇంజిను వెనక, ప్రొపెల్లర్‌కు దగ్గరి చోట పెడితే, బోటు నిలబడి ఉన్నప్పుడు లోతు చక్కగా వచ్చింది. వేగం 6 నాట్లు (గంటకు సుమారు 11 కిలోమీటర్లు) దాటగానే తెర నిండా చుక్కలు, లోతు అంకె మాయం. ప్రొపెల్లర్ అదురు, బుడగలు రెండూ అక్కడ కలుస్తున్నాయి. 1.8 మీటర్లు ముందుకు జరిపితే 8 నాట్లలోనూ గీత తెగలేదు. అక్కడ ఇసుక కాగితంతో రుద్ది, ఎపాక్సీలో బుడగ లేకుండా తిప్పుతూ నొక్కి అంటించాం.

తర్వాత ఇంజిను నడిస్తే తెర మీద నిలువు గీతలు వచ్చాయి. ట్రాన్స్‌డ్యూసర్ కేబులును ఆల్టర్నేటరు వైరుతో కలిపి కట్టడమే కారణం. 30 సెంటీమీటర్లు ఎడంగా వేరే గొట్టంలో వేస్తే పోయాయి. మిగిలిన కేబులును కోయకూడదు, పొడవాటి ఎనిమిది అంకెలా మడిచి కట్టాలి.

గెడతో సరిచూసిన కొలతలు:

- ఇసుక అడుగు: గెడ 2.4 మీటర్లు, సౌండర్ 2.3.
- మొగ లోపలి మెత్తటి ఒండ్రు: సౌండర్ 200 కిలోహెర్ట్జ్‌లో 1.9. గెడ మాత్రం 2.6 దాకా దిగింది.

రెండో అంకె చూసి సౌండర్ తప్పంటారు. గోదావరి తెచ్చే ఒండ్రు అడుగున పెరుగులా తేలుతూ ఉంటుంది. 200 కిలోహెర్ట్జ్ దాని పైపొర మీదే తగిలి వెనక్కొస్తుంది, 50 కిలోహెర్ట్జ్ ఇంకా లోపలికి దిగుతుంది. మొగ దాటేటప్పుడు తక్కువ లోతు చూపేదే మేలు గనక అక్కడ 200నే ఉంచాం. ఉప్పునీటికీ మంచినీటికీ శబ్దవేగంలో తేడా ఉంది, అది రెండు శాతం అటూ ఇటూ. మూడు మీటర్ల నీళ్లలో ఆ తేడా ఆరేడు సెంటీమీటర్లే.

సరంగులు లోతును బారల్లో చెప్పుకుంటారు, బార సుమారు 1.8 మీటర్లు. తెర మీటర్లలో ఉంటే "రెండు" అన్న మాటకు ఒకరికి మూడున్నర మీటర్లు, ఇంకొకరికి రెండే. ఈ బోటులో మీటర్లు ఖాయం చేసి, తెర పక్కన పెయింటుతో రాసేశాం.

ఖర్చు: తెర, ట్రాన్స్‌డ్యూసర్ 27,500, ఎపాక్సీ వగైరా 900. ఇప్పటిదాకా రూ. 82,100.

దశ 6: వీహెచ్ఎఫ్

దూరం తేల్చేది వాట్లకంటే ఎక్కువగా యాంటెనా ఎత్తు. మీటర్లలో ఎత్తుకు వర్గమూలం తీసి 4.12తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. మన యాంటెనా 4 మీటర్ల మీద ఉంటే 8.2 కిలోమీటర్లు. ఎదుటి బోటుదీ అంతే అయితే రెండూ కలిపి 16 దాటి. ఒడ్డున 30 మీటర్ల టవరుంటే 30 కిలోమీటర్ల దాకా అందుతుంది.

కేబులు దగ్గర కక్కుర్తి వద్దు. సన్న ఆర్‌జీ-58 కేబులు 8 మీటర్లు వేస్తే 25 వాట్లలో పైకి చేరేది 17. ఆర్‌జీ-213 వేస్తే 21కి పైనే.

మొదటి కొలతలో, యాంటెనా నుంచి శక్తి ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే ఎస్‌డబ్ల్యూఆర్ 2.6 వచ్చింది. 1.5 లోపు ఉండాలి, 2 దాటితే సెట్టుకే ముప్పు. యాంటెనా, కేబులు మార్చి చూసినా అంకె కదల్లేదు. కనెక్టరు విప్పితే జల్లెడ వైరులోని ఒక్క వెంట్రుకంత తీగ మధ్య పిన్నును తాకీ తాకనట్టు ఉంది. కొత్తగా కట్టి, తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు కిందినుంచి పైకి చుడితే 1.3కి వచ్చింది.

ఆ తర్వాత వచ్చిన చిక్కు అందరికీ తెలియాలి. పగలు సెట్టు బాగా పలికింది. రాత్రి డెక్కు లైట్లు వేయగానే దూరపు బోట్లు వినబడలేదు. చవక ఎల్ఈడీ లైట్ల లోపలి డ్రైవరు సర్క్యూట్లు రేడియో రొద పుట్టిస్తాయి. 2018లో అమెరికా కోస్ట్ గార్డ్ దీని మీదే హెచ్చరిక ఇచ్చింది. పరీక్ష ఇలా:

1. ఎవరూ మాట్లాడని చానెల్ పెట్టాలి.
2. స్క్వెల్చ్ (రొదను అణిచే నాబు) తిప్పుతూ బుసబుస ఆగిన చోటే ఆపాలి.
3. ఎల్ఈడీ లైట్లు ఒక్కొక్కటే వేయాలి. బుస మళ్లీ మొదలైతే అదే దోషి.

రెండు డెక్కు లైట్లూ దోషులే. వైర్లకు రొదను అణిచే ఫెరైట్ ముక్కలు బిగిస్తే కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. చివరికి లైట్లే మార్చాం. కొత్తవి కొనేముందు బ్యాటరీ, చేతి వీహెచ్ఎఫ్ పట్టుకెళ్లి దుకాణంలోనే ఇదే పరీక్ష చేయాలి. ఏఐఎస్ (చుట్టుపక్కల ఓడల జాడను రేడియోలో అందుకునే పరికరం) ఉన్న బోట్లకు ఇది మరీ ముఖ్యం: రొద ఉంటే చుట్టుపక్కల ఓడలు తెర మీద కనబడకుండా పోతాయి, ఆ సంగతి ఎవరికీ తెలియదు.

సెట్టులో ఆపదలో నొక్కే ఎర్ర డిస్ట్రెస్ బటను ఉంది. 419తో మొదలయ్యే తొమ్మిదంకెల ఎంఎంఎస్ఐ నంబరు (బోటు రేడియోకు గుర్తింపు) ఎక్కించి, జీపీఎస్ నుంచి ఎన్ఎంఈఏ 0183 (బోటు పరికరాలు సమాచారం ఇచ్చిపుచ్చుకునే పద్ధతి) వైర్లు కలిపితేనే అది తనంతట తానే మన పొజిషన్‌ను పంపగలదు. రెండువైపులా వేగం 4,800 బాడ్ ఉండాలి. సెట్టు తెర మీద అక్షాంశం, రేఖాంశం కనబడితే కలిసినట్టు. చానెల్ 16 ఎప్పుడూ వింటూ ఉండాలి. కోస్ట్ గార్డ్ ఫోను నంబరు 1554ను సెట్టు పైనే రాశాం.

ఖర్చు: సెట్టు 16,500, యాంటెనా, కేబులు, కనెక్టర్లు 6,300, ఫెరైట్లు, కొత్త లైట్లు 2,700. ఇప్పటిదాకా రూ. 1,07,600.

దశ 7: జీపీఎస్ సెట్టింగులు, ట్రాన్స్‌పాండర్

డేటమ్, అంటే పొజిషన్ లెక్కకు వాడే భూమి కొలతల ప్రమాణం, డబ్ల్యూజీఎస్ 84. పొజిషన్‌ను డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో దశాంశాలుగా పెట్టాం. పక్క బోటు సెకన్లలో పెట్టుకుంటే ఏమవుతుందో చూడండి: ఇక్కడ 16 డిగ్రీల 20.50 నిమిషాలు అంటే నిజానికి 20 నిమిషాల 30 సెకన్లు. అవతలివాళ్లు 20 నిమిషాల 50 సెకన్లని రాసుకుంటే 20 సెకన్ల తేడా, నేల మీద సుమారు 617 మీటర్లు. ఈ సముద్రంలో చమురు, గ్యాస్ ప్లాట్‌ఫారాల చుట్టూ 500 మీటర్ల లోపలికి పోకూడదు. ఒక్క చుక్క తేడాతో ఆ గీత దాటేస్తారు. రేవులో కలిసి వేటకు వెళ్లే బోట్లన్నీ ఒకే పద్ధతి పెట్టుకోవాలి.

మత్స్యశాఖ ద్వారా వచ్చే ఇస్రో ట్రాన్స్‌పాండర్ ఉపగ్రహంతో మాట్లాడుతుంది. దానికి తలపైన ఆకాశం అడ్డు లేకుండా కనబడాలి. సోలార్ ప్యానెల్ కింద బిగించినవి కొన్ని చూశాం, అది తీసేసినట్టే. వీహెచ్ఎఫ్ యాంటెనాకు కనీసం మీటరు ఎడం ఉంచాం. స్పీకరునూ తెరనూ దిక్సూచికి దూరంగా బిగించాలి, స్పీకరులో అయస్కాంతం ఉంటుంది.

దశ 8: దీపాలు, ఆనోడ్

12 మీటర్ల లోపు బోటు గనక పక్క దీపాలు ఒక నాటికల్ మైలు, మాస్టు దీపం, వెనక దీపం రెండు మైళ్లు కనబడాలి. మాస్టు దీపం పక్క దీపాలకు మీటరైనా పైన ఉండాలి. వల వేసి ఉన్నప్పుడు ఎరుపు పైన, తెలుపు కింద, మధ్య మీటరు. ట్రాలు లాగే బోటుకైతే పైన ఆకుపచ్చ. డెక్కు లైట్ల వెలుగు వీటి మీద పడితే ఓడవాళ్లకు రంగు తెలియదు, అందుకే డెక్కు లైట్లకు పైన రేకు గొడుగులు పెట్టాం. దీపాలకు 5,800.

ఇక అడుగున ఆనోడ్, అంటే షాఫ్టు, ప్రొపెల్లర్లకు బదులు తాను కరిగే లోహపు ముక్క. మన రేవుల్లో జింకే దొరుకుతుంది, అందరూ అదే బిగిస్తారు. వేసవిలో ఉప్పునీళ్లు ఏటి పైదాకా ఎక్కుతాయి, వరదల్లో అదే రేవులో మంచినీళ్లు ఉంటాయి. మంచినీళ్లలో జింకు మీద పొర కట్టి పనిచేయడం మానేస్తుంది, అప్పుడు షాఫ్టు, ప్రొపెల్లర్ తినబడతాయి. కలగలుపు నీళ్లకు అల్యూమినియం ఆనోడ్ సరైనది. దానికి పెయింటు వేయకూడదు. షాఫ్టుకూ ఆనోడ్‌కూ మధ్య మల్టీమీటరులో ఒక ఓము కూడా చూపకూడదు. ఆనోడ్‌కు 1,900. మొత్తం రూ. 1,15,300.

చివరి కొలతలు

అన్నీ ఒకేసారి వేసి, వీహెచ్ఎఫ్‌లో మాట్లాడుతూ, బ్యాటరీ మీద 12.4 వోల్టులు ఉన్నప్పుడు పరికరం వెనకే తీసినవి:

- తెర: 12.2
- వీహెచ్ఎఫ్: 12.1
- పంపు: 12.1
- వెనక దీపం: 12.2

ఈ నాలుగు అంకెలూ ఫ్యూజు బాక్సు మూత లోపల మార్కరుతో రాసి ఉన్నాయి. నెలకోసారి ఇవే చోట్ల, ఇలాగే అన్నీ వేసి కొలవాలి. ఏ అంకె అయినా 0.3 తగ్గితే ఆ వైరు రెండు చివర్ల లగ్గులు విప్పి చూడాలి. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరు కూడా అప్పుడే. వరద నీళ్లు తగ్గాక ఆనోడ్ విప్పి తూకం వేయాలి, సగం కరిగితే కొత్తది.